వంద రంగుల ఎంబ్రాయిడరీ కిట్టు: డబ్బాలో ఏది పనికొస్తుంది, ఏది విడిగా కొనుక్కోవాలి

ఆన్‌లైన్‌లో ఎంబ్రాయిడరీ కిట్టు అని వెతికితే పదుల కొద్దీ డబ్బాలు కనిపిస్తాయి. పైన అచ్చేసిన పేర్లు వేరు, లోపలి సరుకు మాత్రం దాదాపు ఒకటే. 100 రంగుల దారపు కట్టలు, చిన్నవీ పెద్దవీ కలిపి 5 వెదురు రింగులు, రెండు మూడు డజన్ల సూదులు, సూదిలో దారం ఎక్కించే తీగ, దారం చుట్టుకునే ప్లాస్టిక్ అట్టలు, చిన్న కత్తెర, గళ్ల గుడ్డ ముక్కలు రెండు, నీళ్లకు చెరిగిపోయే నీలం పెన్ను. అందుకే ఈ సమీక్ష ఒక కంపెనీ డబ్బా గురించి కాదు, ఆ తరహా డబ్బా గురించి. ఒక్కో సాయంత్రంలో ఇంట్లో చేతితోనే పూర్తయ్యే మూడు పనులను గీటురాయిగా పెట్టుకుంటే సరుకు సత్తా తేలిపోతుంది: కర్చీఫ్ మూల మీద తెలుగు అక్షరం, జాకెట్ ముక్కతో పొట్లి సంచి, కుషన్ కవరు మీద అద్దాల పని.

తీర్పు ముందే చెబుతాం. రింగులు కాస్త సవరించుకుంటే మంచివి. పెన్ను, దారం ఎక్కించే తీగ పనికొస్తాయి. సూదులు సగం దండగ. దారం నేర్చుకోవడానికి సరే, ఉతికే బట్ట మీద వద్దు. కిట్టు ధరలో ఎక్కువ భాగం ఆ దారాల లెక్కకే పెడుతున్నాం కాబట్టి ఈ చివరి మాట చిన్నది కాదు.

దారం సంగతి

ఎంబ్రాయిడరీ నూలు దారం ఒక కట్ట 8 మీటర్లు ఉంటుంది. అందులో 6 పోగులు వదులుగా పేనుకుని ఉంటాయి. యాంకర్ కంపెనీ దారమైనా, ఫ్రాన్సు నుంచి వచ్చే డీఎంసీ కంపెనీ దారమైనా లెక్క ఇదే. మంచి దారానికి ఆ మెరుపు ఊరికే రాదు. నూలును లాగి పట్టి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి తీస్తారు. దానితో పోగు నునుపు తేలుతుంది, రంగు లోపలి దాకా పట్టుకుంటుంది. కిట్టు దారం కూడా చూడ్డానికి మెరుస్తుంది, కానీ చాలా కిట్లలో అది పాలిస్టర్ మెరుపు.

తేడా తెలియాలంటే 3 అంగుళాల ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి చివర గట్టి పూసలా మిగులుతుంది. ఆ పూస చల్లారే దాకా ముట్టుకోకండి. పాలిస్టర్ దారంతో కుట్టిన పువ్వును కాటన్ వేడి మీద ఇస్త్రీ చేస్తే దారం నలిగి అణిగిపోయి, ప్లాస్టిక్ కాగితంలా నిగనిగలాడుతుంది. మళ్లీ లేవదు.

రెండో లోపం పోగుల మందం. మంచి కట్టలో ఆరు పోగులూ ఒకే లావు. కిట్టు కట్టలో ఒకటి సన్నగా, పక్కది నూగుగా ఉంటుంది. గొలుసు కుట్టులో ఇది పెద్దగా బయటపడదు. దారాలను పక్కపక్కన పరిచి ఆకు నింపే సాటిన్ కుట్టులో మాత్రం గీతలు గీతలుగా కనిపిస్తుంది. ఎంత జాగ్రత్తగా కుట్టినా నునుపు రాక, లోపం చేతిలో ఉందనుకుని నేర్చుకునేవాళ్లు నిరుత్సాహపడతారు. దోషం దారానిది.

మూడోది రంగు దిగడం. ఎరుపు, మెరూన్, ముదురు నీలం, నలుపు, ఈ నాలుగింటినీ కుట్టే ముందే పరీక్షించాలి. తెల్లటి పాత పంచె ముక్కను గోరువెచ్చని నీళ్లలో తడిపి, దాని మధ్య దారం పెట్టి మడిచి, పైన వేడి ఇస్త్రీ పెట్టె ఒక నిమిషం అదమండి. మరక పడితే ఆ దారం లేత రంగు బట్ట మీదకు రాకూడదు. కుట్టాక ఉతుకులో రంగు దిగితే బట్టను ఆరనివ్వకండి. ఆరితే మరక నిలిచిపోతుంది. చన్నీళ్లు మారుస్తూ, నీళ్లలో రంగు కనిపించనంత వరకూ జాడిస్తూనే ఉండాలి.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. కుట్టుకు దారం కొలత మన మూర: మోచేయి నుంచి నడిమి వేలి కొస దాకా, సుమారు 45 సెంటీమీటర్లు. అంతకంటే పొడవైతే గుడ్డలోంచి ఎక్కువ సార్లు దూరి దారం నూగు లేస్తుంది, ముడులు పడుతుంది. 8 మీటర్ల కట్టలో 17 మూరలు వస్తాయి. రెండు పోగులతో కుడితే ఒక్కో మూర మూడు సార్లు సూదికెక్కుతుంది. అంటే ఒక్క కట్ట 51 సార్లు సూదిని నింపుతుంది. ఒక అక్షరానికి రెండు సార్లు చాలు. వంద కట్టలు ఎవరికి కావాలి? ఎరుపు, పసుపు, రెండు ఆకుపచ్చలు, నీలం, గులాబీ, నారింజ, గోధుమ, తెలుపు, నలుపు: ఈ పది మంచి కట్టలతో ఏడాది గడుస్తుంది. కిట్టు దారాన్ని పిల్లల స్నేహబంధం పట్టీలకీ కుచ్చులకీ వాడుకోండి. ఆ పనులకు అది చక్కగా సరిపోతుంది.

పోగులు విడదీసేటప్పుడు రెండు పోగుల్ని కలిపి లాగితే చిక్కు పడుతుంది. ఆరింటి కొసలను విడదీసి, ఒక్క పోగును మాత్రమే నిలువుగా పైకి లాగాలి. మిగతావి కుచ్చులా దగ్గరికి నలిగి, పోగు బయటికి రాగానే జారి నిటారవుతాయి. రెండు కావాలంటే ఒకదాని తర్వాత ఒకటి తీసి పక్కపక్కన పెట్టి ఎక్కించాలి. కుట్టే కొద్దీ దారం పురి తిరుగుతుంది. పది కుట్లకొకసారి సూదిని వదిలేసి వేలాడనిస్తే తనంతట తానే తిరిగి సర్దుకుంటుంది.

ఊళ్లో ఫ్యాన్సీ షాపుల్లో రీళ్ల మీద అమ్మే సిల్కు దారం చాలావరకు రేయాన్. మగ్గం వర్కుకూ, దారపు గాజులకూ బాగుంటుంది. సూదితో కుట్టాలంటే మూర కూడా ఎక్కువే, జానెడున్నరకు తగ్గించండి. సబ్బు నీళ్లలో నానబెట్టకండి, తడిసిన రేయాన్‌కు బలం తగ్గుతుంది.

రింగు, సూది, గుడ్డ, పెన్ను

కిట్టులో అసలు విలువైనవి వెదురు రింగులే. అలాగే వాడితే గుడ్డ జారుతుంది కాబట్టి చాలామంది వాటిని పక్కన పడేస్తారు. లోపలి రింగుకు అర అంగుళం వెడల్పు నూలు నాడా చుట్టండి. 6 అంగుళాల రింగుకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల నాడా పడుతుంది. ఒక చుట్టు మీదికి ఇంకో చుట్టు కొంచెం ఎక్కేలా ఏటవాలుగా చుట్టి, కొసను లోపలి వైపు నాలుగు కుట్లతో బిగించాలి. బయటి వైపు కుట్టితే ఆ ఉబ్బు దగ్గర రింగు పట్టదు. ఈ పావుగంట పనితో మామూలు రింగు ఖరీదైన రింగులా గుడ్డను పట్టుకుంటుంది.

కొనగానే రెండు రింగులనూ ఒకదానిలో ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. మధ్యలో సందు కనిపిస్తే రింగు గుండ్రంగా లేదని అర్థం. ఆ సందు దగ్గర గుడ్డ ఎప్పటికీ వదులే. గుడ్డ బిగించాక వేలితో కొడితే డప్పులా మోగాలి. లాగేటప్పుడు నిలువు పోగు వెంట, అడ్డ పోగు వెంట లాగండి. మూలకు లాగితే గుడ్డ సాగుతుంది, దాని మీద కుట్టిన పువ్వు రింగు తీయగానే ముడతలు పడుతుంది. కుట్టు పూర్తయ్యాక ఇస్త్రీతో ఆ ముడత పోదు. రాత్రి పని ఆపినప్పుడు రింగు తీసేయాలి, లేకపోతే గుండ్రటి మచ్చ నిలిచిపోతుంది.

సూదుల దగ్గర కిట్టు తడబడుతుంది. అంకెలు లేని సూదులు, రకరకాల పొడవులు, దారం దూరే కన్ను లోపల గరుకు. ఆ గరుకే దారాన్ని కోస్తుంది. ఎంబ్రాయిడరీ సూదికి అంకె పెరిగే కొద్దీ సన్నం: రెండు పోగులకు 9, మూడింటికి 7, ఆరు పోగులకు 5. నీలగిరి జిల్లా కేత్తిలో తయారయ్యే పోనీ సూదులు అంకె వేసిన చిన్న ప్యాకెట్లలో మ్యాచింగ్ సెంటర్లలోనూ దొరుకుతాయి, నాణ్యం నమ్మదగినది. దారం ఎక్కకపోతే సూదిని అటు తిప్పి రెండో వైపు నుంచి ప్రయత్నించండి. కన్ను ఒక వైపు నుంచి అచ్చు గుద్ది చేస్తారు, ఆ వైపు దారి కొంచెం సులువు.

కత్తెర దారానికి మాత్రమే. కిట్టు కత్తెరతో గుడ్డ కోస్తే నమిలినట్టుంటుంది.

గళ్ల గుడ్డ క్రాస్ స్టిచ్ కోసం, అంటే గడికొక ఇంటూ గుర్తులా వేసే కుట్టు కోసం. అంగుళానికి 14 గళ్లు ఉండే రకమైతే 70 గళ్ల వెడల్పు బొమ్మ 5 అంగుళాలు వస్తుంది, అలా ముందే లెక్క వేసుకోవచ్చు. దాని మీద కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్), గొలుసు కుట్టు నేర్చుకోవద్దు. సూది రంధ్రాల్లోనే దిగుతానంటుంది, వంపు రాదు. వాటికి కేస్‌మెంట్ అనే దళసరి నూలు గుడ్డ, లేదా కొంచెం మందం పాప్లిన్. ఏ గుడ్డైనా ముందు ఉతికి, గంజి పోగొట్టి, ఇస్త్రీ చేశాకే గీయాలి. ఉతకని గుడ్డ మీద కుడితే తొలి ఉతుకులో గుడ్డ కుంచించుకుపోతుంది, దారం అంతగా పోదు, బొమ్మ ఉబ్బుతుంది.

నీలం పెన్ను మంచిదే, ఒక్క నియమం పాటిస్తే. గీత పోవడానికి ముందు మామూలు చన్నీళ్లలో ముంచాలి, ఆ తర్వాతే సబ్బు, ఆ తర్వాతే ఇస్త్రీ. గీత ఉండగా ఇస్త్రీ పెడితే గోధుమ రంగుకు తిరిగి ఉండిపోతుంది. వేడికి మాయమయ్యే పెన్నులు కూడా ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. వాటి సిరా నిజంగా పోదు, రంగు మాత్రమే దాగుతుంది. మైనస్ 10 డిగ్రీల కిందికి చలి దిగితే గీత మళ్లీ తేలుతుంది. మనకు ఇక్కడ ఇబ్బంది లేదు గానీ, చికాగోలోనో టొరంటోలోనో ఉన్న పిల్లలకు కుట్టి పంపే వాటి మీద వాడకండి.

కర్చీఫ్ మీద అక్షరం

ఈ పనిలో కిట్టు 4 అంగుళాల రింగు చాలు. చిక్కు ఏమిటంటే, కర్చీఫ్ మూల రింగును నింపదు. మూల అంచులకు పాత గుడ్డ ముక్కలను కచ్చా కుట్టుతో అతికించి, అప్పుడు రింగులో బిగించండి. పని అయ్యాక విప్పేయొచ్చు.

అక్షరం అంగుళం ఎత్తు, అంచు నుంచి 2 సెంటీమీటర్ల లోపలికి. ఇంగ్లీషు అక్షరాలకు కాడ కుట్టు బాగుంటుంది. మన అక్షరాలకు అది అంతగా నప్పదు. కాడ కుట్టులో దారం ఎప్పుడూ గీతకు ఒకే వైపు ఉండాలి. ‘అ’ తీసుకుంటే గీత ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరిగి, తన మీదికే చుట్టుకుంటుంది. వంపు దిశ మారిన చోట దారం వైపు తప్పితే పురి ఎదురు తిరిగి, అక్కడ అక్షరం విరిగినట్టు కనిపిస్తుంది. దానికి బదులు వెనక కుట్టు (బ్యాక్ స్టిచ్, ప్రతిసారీ సూది వెనక్కి వెళ్లి కిందటి కుట్టు చివర దిగేది) వేసి, దాని మీద ఇంకో దారం చుట్టండి. వెనక కుట్టు నిటారు చోట 3 మిల్లీమీటర్లు, వంపులో ఒకటిన్నర. తర్వాత వేరే సూదికి దారం ఎక్కించి, గుడ్డలోకి దించకుండా, ప్రతి కుట్టు కింద నుంచి ఒకే వైపుకు దూర్చి లాగాలి. మొనతో దూరిస్తే కింది దారం చీలుతుంది కాబట్టి సూదిని కన్ను వైపు నుంచి పంపండి. తలకట్టు, సున్నా, గుడి, ఏ వంపైనా సన్నటి తాడు పేనినట్టు వస్తుంది. కింద ఎరుపు, పైన పసుపు వేస్తే చుట్టు చుట్టుకూ రెండు రంగులు మెలికలు పడతాయి. ‘శ్రీ’ లాంటి ఒత్తు అక్షరానికి అంగుళం చాలదు, అంగుళంన్నర ఇవ్వండి. లేకపోతే లోపలి సందులు పూడుకుపోయి ముద్ద అవుతుంది.

ముడి వేయకండి. కర్చీఫ్ వెనక వైపు అందరికీ కనిపిస్తుంది, పైగా ఇస్త్రీ చేస్తే ముడి ముందుకు పొడుచుకొస్తుంది. మొదట్లో 5 సెంటీమీటర్ల తోక వదిలి, చివర్లో రెండు కొసలనూ వెనకాల కుట్ల కింద నుంచి నాలుగైదు సార్లు దూర్చి కత్తిరించాలి.

పొట్లి సంచి

జాకెట్ ముక్కలో 22 సెంటీమీటర్ల వెడల్పు, 56 పొడవు ముక్క కోసుకోండి. మధ్యకు మడిస్తే 22కి 28. సంచి కుట్టకముందే ఎంబ్రాయిడరీ పూర్తి చేయాలి. ఇక్కడే ఎక్కువ మంది పొరపడేది: మడత సంచి అడుగుకు వస్తుంది కాబట్టి, రెండో సగంలో పువ్వును తలకిందులుగా గీయాలి. మరిచిపోతే ఒక వైపు మల్లె కొమ్మ నేలకు వేలాడుతుంది.

మల్లెపువ్వుకు సెంటీమీటరు పొడవు రేకులు ఐదు, మూడు పోగులతో, లేజీ డేజీ కుట్టు, అంటే రేకుకొక విడి గొలుసు కన్ను. మధ్యలో ఫ్రెంచ్ నాట్, సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడి. నాట్ పెద్దది కావాలని సూదికి మూడు నాలుగు చుట్లు చుడితే అది ఒరిగిపోతుంది. ఒక్క చుట్టే చుట్టి పోగుల సంఖ్య పెంచండి. సూది పైకి వచ్చిన రంధ్రంలోనే తిరిగి దించితే నాట్ వెనక్కి జారిపోతుంది, ఒక పోగు దూరం పక్కకు దించాలి.

ఇప్పుడు మంచి వైపు లోపలికి మడిచి, రెండు పక్కలా ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీతో కుట్టాలి, కానీ పైన 7 సెంటీమీటర్లు రెండు వైపులా వదిలేయాలి. ఆ వదిలిన అంచులను లోపలికి మడిచి హెమ్మింగ్ చేయండి. తర్వాత పై అంచును అర సెంటీమీటరు, మళ్లీ 3 సెంటీమీటర్లు మడిచి కుడితే డోరీ దూరే గొట్టం తయారు. 7లో సగం వెనక్కి మడత పడుతుంది కాబట్టి గొట్టం పక్క కుట్టుకు అర సెంటీమీటరు పైనే ఆగుతుంది. పక్క కుట్లకు ఎంబ్రాయిడరీ దారం వాడొద్దు, మామూలు కుట్టు దారం రెండు పేటలు. మామూలు ముందు కుట్టు (రన్నింగ్ స్టిచ్) వేస్తే సంచిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పడగానే కుట్ల మధ్య సందులు తెరుచుకుంటాయి. వెనక కుట్టే వేయాలి, 3 మిల్లీమీటర్లకు మించకుండా. డోరీలు రెండు, ఒక్కొక్కటి 60 సెంటీమీటర్లు. ఒకటి ఎడమ నుంచి బయలుదేరి చుట్టూ తిరిగి ఎడమకే, ఇంకొకటి కుడి నుంచి కుడికే, పిన్నీసుతో దూర్చండి. కొసలకు ఆరు పోగుల దారంతో కుచ్చులు కట్టండి. కిట్టులోని అన్ని రంగులూ ఇక్కడ చెల్లుతాయి.

జరీ ముక్క వాడితే జరీ మీద మోటు సూది దింపకండి, పోగు తెగితే అతకదు. రా సిల్కు అంచు పోగులు ఊడుతూనే ఉంటుంది, కోయగానే చుట్టూ కాజా కుట్టు వేయాలి.

అద్దాల పని

ఈ పనిలో కిట్టు ఏమీ ఇవ్వదు, అద్దాలూ ఉండవు. 15 మిల్లీమీటర్ల గాజు బిళ్లలు విడిగా కొనాలి. తెలంగాణ తండాల్లో లంబాడీ స్త్రీల రవికలు, గాగ్రాల మీది అద్దాలను దగ్గరగా చూస్తే ఈ కుట్టు రహస్యం అర్థమవుతుంది. అద్దాన్ని పట్టి ఉంచేది చుట్టూ కనిపించే రంగుల వలయం కాదు, దాని కింద దాగిన చట్రం.

ముందు మూడు పోగులతో అద్దం మీదుగా నాలుగు దారాలు బిగించండి, రెండు నిలువు, రెండు అడ్డం, మధ్యలో చిన్న చతురస్రం మిగిలేలా. అడ్డ దారాలను నిలువు దారాల మీద ఒక చుట్టు తిప్పుకుంటూ పోవాలి. వాటి పైన మళ్లీ నాలుగు ఏటవాలుగా. ఈ దారాలు అద్దం అంచు నుంచి మూడో వంతు లోపలికి ఉండాలి. అంచుకు దగ్గరగా వేస్తే, వలయం కుట్టేటప్పుడు బయటికి లాగుతాం కాబట్టి అవి పక్కకు జారి అద్దం ఊడిపడుతుంది. వదులుగా వేసినా అదే గతి. తర్వాత చట్రం కింద ఒక కుట్టు, గుడ్డలో ఒక కుట్టు చొప్పున కాజా కుట్టుతో చుట్టూ తిరగాలి. చట్రానికి ఒక మూర, వలయానికి రెండు మూరల దాకా పడుతుంది.

గాజు అంచు పదును దారాన్ని నెమ్మదిగా కోస్తుంది. ఈ రోజు బాగున్న అద్దం ఆరు ఉతుకుల తర్వాత రాలేది అందుకే. కుట్టే ముందు అంచును తడిపిన గరుకు కాగితం మీద రెండు మూడు తిప్పులు తిప్పండి. కుషన్ కవరును తిరగేసి చేత్తో ఉతకాలి, మిషన్‌లో వేయొద్దు. ఈ పనికి కిట్టు దారం అస్సలు వద్దు: నూగు దారం చట్రంగా బిగిస్తే సాగుతూనే ఉంటుంది.

కొనేటప్పుడు

నేర్చుకునే పిల్లలున్న ఇంటికి కిట్టు ఫరవాలేదు. ఉతికి వాడే బట్ట మీద కుట్టాలనుకునేవాళ్లు అదే డబ్బుతో పది మంచి కట్టలు, నాడా చుట్టిన 4, 6 అంగుళాల రింగులు రెండు, 7, 9 అంకెల సూది ప్యాకెట్లు, నీలం పెన్ను, మీటరు కేస్‌మెంట్ తీసుకోండి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, రాజమండ్రి తాడితోట చుట్టుపక్కల ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి. రంగు పేరు చెప్పి అడగకండి, అంకె చెప్పి అడగండి. దారం కట్ట చుట్టూ ఉన్న కాగితం పట్టీ మీద ఆ అంకె ఉంటుంది. కంపెనీని బట్టి అది మారుతుంది: నలుపు డీఎంసీలో 310, యాంకర్‌లో 403. పట్టీ పారేస్తే, సగం కుట్టిన ఆకుకు అదే ఆకుపచ్చ మళ్లీ దొరకదు. అట్టకు చుట్టుకునేటప్పుడు పట్టీలోంచి ఆ అంకె కత్తిరించి అట్ట మీదే అంటించండి.